గట్టు తగాదాకు స్టేషనులో కూర్చోబెట్టారు, ఇక ఎవరిని నమ్మాలి?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది పల్నాడు జిల్లాలో ఒక ఊరు. మూడెకరాల మిరప చేను మీదే మా బతుకు. పక్క చేను ఆయన మా వారికి వరసకు అన్న అవుతాడు. రెండేళ్లుగా ఏటా ఒకటి రెండు సాళ్లు మా వైపు కలుపుకుంటూ దున్నుతున్నాడు. అడిగితే గొడవ. పోయిన నెలలో కాలవ మీద పెట్టుకున్న మా మోటారు, స్టార్టరు, కేబులు ఒక్క రాత్రిలో పోయాయి. నలభై వేల సొత్తు. స్టేషనుకు వెళ్లి కాగితం ఇచ్చాం. తీసుకున్నారు గానీ రసీదు ఇవ్వలేదు.

నాలుగు రోజుల తర్వాత మా వారికే ఫోన్ చేసి రమ్మన్నారు. పక్క చేను ఆయన మా మీద గట్టు తగాదా పెట్టాడట. పొద్దున తొమ్మిదింటికి వెళ్లిన మనిషి రాత్రి ఎనిమిదిన్నరకు ఇంటికొచ్చాడు. ఏమీ చెప్పలేదు. ఒకటి కొట్టారని తర్వాత మా మరిది చెప్పాడు. తెల్ల కాగితం మీద సంతకం కూడా పెట్టించుకున్నారట. సర్పంచి గారు 'నా ఇంటికి రండి, ఎస్ఐ గారితో నేను మాట్లాడతా, ముప్పై వేలు సర్దుకోండి, రెండూ తేలిపోతాయి' అంటున్నారు. పైన ఫిర్యాదు చేద్దామంటే 'చేస్తే ఏం మారుద్ది, ఇంకో దెబ్బ పడుద్ది' అంటాడు మా వారు.

మా అమ్మాయికి డిగ్రీ అయింది. కానిస్టేబుల్ పరీక్షకు చదువుతోంది. పొద్దున్నే లేచి పరుగు ప్రాక్టీసు చేసేది. ఇది జరిగిన మర్నాడు వాళ్ల నాన్న ఆ పుస్తకాలన్నీ అటక మీద పడేసి 'ఆ బట్టలు ఈ ఇంట్లోకి రావడానికి వీల్లేదు' అన్నాడు. పిల్ల మాట్లాడటం మానేసింది. ఇంట్లో ఒకటే టెన్షన్. ఎవరిని నమ్మాలి? అమ్మాయికి ఏం చెప్పాలి?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను. దెబ్బ సంగతి మీ వారు చెప్పలేదు, మరిది చెప్పాడు అన్నారే, అక్కడ.

మా నాన్న హెడ్ కానిస్టేబులుగా రిటైరయ్యారు. మేం స్టేషను వెనక క్వార్టర్సులో పెరిగాం. మధ్యలో ఒక్క గోడే అడ్డం. నాకు పదేళ్లప్పుడు ఒక రాత్రి ఆ గోడ అవతల ఎవరో 'అయ్యా, అయ్యా' అంటూ ఏడవడం విన్నాను. నాన్న డ్యూటీ దిగి వచ్చి, అన్నం ముందు కూర్చుని, ముద్ద కలిపి, నోట పెట్టకుండానే లేచి చెయ్యి కడుక్కున్నారు. అమ్మ ఏమీ అడగలేదు. తెల్లారి ఒక మనిషి స్టేషను మెట్లు దిగుతూ చొక్కా ముడతలు చేత్తో సాపు చేసుకోవడం చూశాను. అతను కూడా ఇంటికెళ్లి ఏమీ చెప్పి ఉండడు. తర్వాత ఇరవై రెండేళ్లు జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేశాను. దెబ్బ తిన్నవాళ్ల భార్యలు, తల్లులు వచ్చి సంగతి చెప్పేవారు. తిన్న మనిషి మాత్రం బయట చెట్టు కింద నిలబడి ఉండేవాడు.

అందుకని మొదట చెయ్యాల్సింది ఇంట్లోనే ఉంది. మీకు తెలుసన్న సంగతి మీ వారికి తెలియనివ్వండి. వివరాలు గుచ్చి గుచ్చి అడగొద్దు. 'నాకు తెలుసు, తప్పు నీది కాదు' అంటే చాలు. పది మందిలో పరువు పోయిందని ఆయన కుమిలిపోతున్నాడు. పుస్తకాలు అటకెక్కించింది కూడా ఆ బాధే, కూతురి మీద కోపం కాదు. ఒంటి మీద ఇంకా గుర్తులు గానీ, నొప్పి గానీ ఉంటే ప్రభుత్వాసుపత్రిలో చూపించి చీటీ రాయించుకోండి. తర్వాత పనికొస్తుంది.

ఇక స్టేషను సంగతి. ఫోన్ చేసి రమ్మంటే వెళ్లి తీరాలన్న రూలు లేదు. 2024 జులై 1 నుంచి నేర విచారణ పద్ధతులు చెప్పే పాత సీఆర్‌పీసీ బదులు భారతీయ నాగరిక సురక్షా సంహిత అమల్లోకి వచ్చింది. అందులో 179వ సెక్షను కింద సాక్షిని పిలవాలన్నా, 35వ సెక్షను కింద నిందితుడిని పిలవాలన్నా రాతపూర్వకంగా పిలవాలి. నిందితుడికి నోటీసు వాట్సాప్‌లో పంపినా చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆడవాళ్లను, అరవై దాటినవాళ్లను సాక్ష్యం కోసం స్టేషనుకు రప్పించకూడదు, వాళ్ల ఇంటికే వచ్చి అడగాలి. కాబట్టి ఈసారి ఫోన్ వస్తే మర్యాదగానే 'నోటీసు పంపండి సార్, వస్తాం' అనండి. ఆ మాట అనడానికి ధైర్యం కావాలని నాకు తెలుసు. ఫోన్ వచ్చిన తేదీ, టైమ్, నంబరు ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టుకోండి. అది మాత్రం ఎవరైనా చెయ్యగలరు.

తెల్ల కాగితం మీద సంతకం గురించి మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేశారు గానీ, నాకు అన్నిటికంటే అదే భయంగా ఉంది. దాని మీద రేపు ఏమైనా రాసుకోవచ్చు. 'నా ఇష్టప్రకారం గట్టు వదులుకున్నాను' అని రాసుకోవచ్చు. దర్యాప్తులో పోలీసులు రాసుకునే వాంగ్మూలం మీద చెప్పినవాడి సంతకం తీసుకోకూడదని చట్టమే చెబుతోంది. తెల్ల కాగితం మీద ఎందుకు తీసుకోవాలి? ఈ వారంలోనే మీ వారి పేరు మీద జిల్లా ఎస్పీ గారికి ఉత్తరం రాయండి. ఏ తేదీన, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా కూర్చోబెట్టారు, ఏం జరిగింది, ఎన్ని కాగితాల మీద సంతకం తీసుకున్నారు, ఇష్టం లేకుండా పెట్టిన ఆ సంతకంతో రాసే ఏ కాగితానికీ ఒప్పుకోను అని రాసి స్పీడ్ పోస్టులో పంపండి. నకలు, పోస్టు రసీదు కలిపి ఒక కవరులో పెట్టండి.

అదే ఉత్తరంలో ఆ రోజు సీసీ కెమెరా రికార్డు చెరిపేయకుండా భద్రపరచమని అడగండి. ప్రతి స్టేషనులో కెమెరాలు పెట్టాలని, లాకప్పులు, వరండాలు, ఇన్‌స్పెక్టరు గది అన్నీ కనబడాలని, రికార్డు పద్దెనిమిది నెలలు, కుదరకపోతే కనీసం ఏడాది ఉంచాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో ఆదేశించింది. కెమెరా పనిచెయ్యడం లేదంటారేమో. అననివ్వండి, ఆ మాటే కాగితం మీద ఇమ్మని సమాచార హక్కు చట్టం కింద అడగండి. దాదాపు పన్నెండు గంటలు ఒక రైతును కూర్చోబెట్టిన రోజున కెమెరా ఎందుకు చెడిపోయిందో చెప్పాల్సిన బాధ్యత వాళ్ల మీద పడుతుంది.

మోటారు దొంగతనం, గట్టు తగాదా. ఈ రెంటినీ విడదీయండి. మీ సమస్యకు తాళం చెవి ఇదేనని నా నమ్మకం. రెంటినీ ఒక ముడి వేస్తే లాభపడేది పక్క చేను ఆయన, మధ్యవర్తి. మీరు కాదు.

దొంగతనం పోలీసుల పని. నలభై వేల సొత్తు పోతే అది కేసు కట్టాల్సిన నేరమే. అయిదు వేల లోపు దొంగతనాన్ని కొత్త శిక్షల చట్టం, భారతీయ న్యాయ సంహిత, తేలిక చేసింది కాబట్టి, ఫిర్యాదులో విలువ రాయడం మర్చిపోవద్దు. కొన్న బిల్లు ఉంటే జత చెయ్యండి. కేసు కట్టాల్సిన నేరమని ఫిర్యాదులో కనబడితే ఎఫ్ఐఆర్ రాసి తీరాలని 2013 నవంబరులో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం చెప్పింది. 'ముందు విచారణ చేస్తాం' అని స్టేషనులో అంటే, నాగరిక సురక్షా సంహితలో ఆ వీలు ఉన్న మాట నిజమే. కానీ దానికి డీఎస్పీ అనుమతి ఉండాలి, పద్నాలుగు రోజుల్లో ముగించాలి. మీకు నెల దాటింది. ఎఫ్ఐఆర్ నకలు ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి. కేసు కట్టకపోతే అదే సంహిత 173వ సెక్షను కింద ఫిర్యాదు సారాంశం ఎస్పీకి పోస్టులో పంపాలి, అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరకు అఫిడవిట్‌తో వెళ్లొచ్చు. ఎస్పీ ఆఫీసులో సోమవారం పూట అర్జీలు తీసుకుంటారు, అక్కడ రసీదు నంబరు ఇస్తారు. స్టేషనులో దొరకని రసీదు అక్కడ దొరుకుతుంది.

గట్టు మాత్రం పోలీసుల పని కాదు. ఎవరి భూమి ఎక్కడిదాకా అన్నది తేల్చడానికి ఎస్ఐకి చట్టంలో అధికారమే లేదు. కొట్లాట జరగకుండా చూడటం వరకే ఆయన పాత్ర. సరిహద్దు తేల్చుకోవాలంటే సచివాలయంలో గానీ మీసేవలో గానీ ఎఫ్-లైన్ అర్జీ, అంటే హద్దులు కొలవమని అర్జీ పెట్టండి. సర్వేయరు పక్క రైతులకు నోటీసులిచ్చి, పొలం కొలతలుండే ఎఫ్ఎంబీ పటం పట్టుకుని కొలత వేస్తాడు. పాత సర్వే రాయి ఎక్కడుందో మీ అత్తగారికో, ఊళ్లో పెద్దవాళ్లకో గుర్తుంటుంది, కొలత రోజున వాళ్లను అక్కడ ఉండమనండి. కొలిచాక కూడా పక్క చేను ఆయన దున్నితే సివిల్ కోర్టులో ఇంజంక్షను, అంటే మీ హద్దులోకి రాకుండా ఆపే ఉత్తర్వు కోసం దావా వెయ్యాలి. ఫీజులకు భయపడొద్దు. న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. పట్టా మీ పేరున లేకపోయినా, కనీసం ఏ దారి పట్టాలో సలహా చెబుతారు. 15100కు ఫోన్ చెయ్యండి, లేదా మీ కోర్టు ఆవరణలో ఉండే మండల న్యాయ సేవల కమిటీ ఆఫీసుకు వెళ్లండి. అన్నదమ్ముల వరస కాబట్టి రాజీ పడాలని మీకే అనిపిస్తే అది కూడా అక్కడే, లోక్ అదాలత్‌లో పడండి. అక్కడ రాసుకున్న రాజీకి కోర్టు డిక్రీ అంత విలువ ఉంటుంది. పైసా ఖర్చు ఉండదు. రాజీ తప్పు కాదు. భయపెట్టి రాయించిన రాజీ తప్పు.

'ఫిర్యాదు చేస్తే ఏం మారుద్ది' అన్నారు మీ వారు. దీనికి నేను కాస్త పాత కథ చెప్పాలి. ఆయనకు చదివి వినిపించండి.

మీ ప్రాంతం అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1816 నుంచి తాలూకాలో తహసీల్దారే శిస్తు వసూలు చేసేవాడు, ఆయనే పోలీసు పెద్ద. భూమి, లాఠీ రెండూ ఒక్క చేతిలో. శిస్తు కట్టలేని రైతును ఎర్రటి ఎండలో నిలబెట్టేవారు, తలను కాళ్ల దాకా వంచి తాడుతో కట్టేసేవారు. రెండు కర్రలను ఒక కొస దగ్గర ముడివేసి, మధ్యలో వేళ్లు పెట్టి నొక్కేవారు. తెలుగు జిల్లాల్లో దానికి చిరత అని పేరు. భజనలో వాయించే చిరతల పేరే. ఈ సంగతి ఇంగ్లండు పార్లమెంటు దాకా పోయి, 1854లో ముగ్గురితో ఒక కమిషను వేశారు. రైతులు స్వయంగా వెళ్లి చెప్పుకున్నారు, ఉత్తరాలు రాశారు. 1855లో కమిషను నివేదిక ఇచ్చింది. హింస నిజమేనని రాసింది. వసూలు చేసేవాడి చేతిలోనే పోలీసు అధికారం ఉండటం దానికి పెద్ద కారణమని తేలింది. 1859లో మద్రాసు జిల్లా పోలీసు చట్టం వచ్చి పోలీసులను రెవెన్యూ నుంచి విడదీసింది. దేశమంతటికీ వచ్చిన 1861 పోలీసు చట్టం కన్నా అది రెండేళ్లు ముందుది.

ఆ చట్టం రైతు మీద ప్రేమతో పెట్టింది కాదు, తెల్లవాడి పాలన నిలబడాలని పెట్టింది. అయినా దాని వెనక పేరు తెలియని రైతుల కాగితాలున్నాయి. వాళ్లలో ఎంతమందిని తిరిగొచ్చాక మళ్లీ కొట్టారో మనకు తెలియదు. కానీ భూమి తగాదా, లాఠీ ఒకే గదిలో ఉండకూడదన్న నియమం వాళ్ల ఫిర్యాదుల వల్ల పుట్టింది. మీ వారిని గట్టు కోసం స్టేషను బెంచీ మీద కూర్చోబెట్టిన రోజున ఆ నూట అరవై ఏళ్ల నాటి గోడనే ఎవరో కూలగొట్టారు.

సర్పంచి గారి సంగతి చూద్దాం. ఆయన చెడ్డవాడని నేననను. ఊళ్లో గొడవ పెద్దది కాకూడదని ఆయనకు నిజంగానే ఉండొచ్చు. పాతకాలంలో మునసబు ఉండేవాడు. చిన్నచిన్న తగాదాలు తీర్చే అధికారం అతనికి చట్టంలోనే ఉండేది. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం మునసబు, కరణాల ఉద్యోగాలు రద్దు చేసింది. వంశపారంపర్యంగా కొన్ని కులాల చేతిలో ఉండిపోయిన పెత్తనం అది, పోవడమే మంచిదైంది. కానీ ఆ ఖాళీలో పంచాయతీకి ఏం దక్కింది? 1993లో అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు ఇవ్వదగ్గ ఇరవై తొమ్మిది అంశాల జాబితా ఇచ్చింది. తాగునీరు, రోడ్లు, ఊరికి కరెంటు, పారిశుద్ధ్యం ఉన్నాయి. పోలీసు లేదు. పోలీసు పూర్తిగా రాష్ట్ర ప్రభుత్వం చేతిలోది. అంటే ఊరంతా ఓట్లేసి గెలిపించిన సర్పంచికి ఆ ఊరి స్టేషను మీద ఒక్క రూలు ప్రకారం కూడా మాట చెల్లదు. అధికారం లేనప్పుడు మిగిలేది పలుకుబడి. ముప్పై వేలు అడుగుతున్నది ఆ పలుకుబడికే. అందులో ఎవరి వాటా ఎంతో మనం ఊహించనక్కర్లేదు. ఇవ్వకండి. ఇస్తే దానికి రసీదు ఉండదు, వచ్చే ఏడాది మరో రెండు సాళ్లు పోయినప్పుడు మళ్లీ అక్కడికే వెళ్లాలి.

ఆయన్ను శత్రువును చేసుకోనక్కర్లేదు కూడా. ఆయన చెయ్యగల పని ఒకటుంది, అది అడగండి. కాలవ మీద మోటార్లు పోయినవాళ్లు మీరొక్కరే అయ్యుండరు. పోగొట్టుకున్న నలుగురు కలిసి వెళ్లి, గ్రామసభలో ఈ విషయం పెట్టమని, రాత్రి గస్తీ కావాలని, కాలవ గట్టు మీద దీపాలు వేయాలని తీర్మానం చేసి ఎస్పీకి పంపమని అడగండి. గ్రామసభకు ఎస్ఐని పిలవమనండి. ఇంట్లో కూర్చోబెట్టి మాట్లాడతానన్న మనిషి పది మందిలో మాట్లాడటానికి వెనకాడితే, ఆయన ఎవరి తరఫున ఉన్నాడో మీకూ తెలిసిపోతుంది. మీ ఊరి సచివాలయంలో మహిళా పోలీసు అని ఒక ఉద్యోగిని ఉంటారు. మీ అర్జీ సంగతి ఆమెకూ చెప్పి ఉంచండి. ఆమె చేతిలో పెద్ద అధికారాలేం లేవు. కానీ మీ గడపకు దగ్గరగా ఉన్న మనిషి.

ఎస్ఐ ఎందుకలా చేశాడు? నాకు ఆయన తెలియదు. కానీ నేను చూసిన చాలామంది ఎస్ఐల గురించి చెప్పగలను. సిఫారసు ఉత్తరం లేకుండా మంచి స్టేషనులో పోస్టింగు దొరకదన్నది డిపార్టుమెంటులో ప్రతి మనిషికీ తెలిసిన మాట. ఉత్తరం ఇచ్చిన నాయకుడి మనిషి వచ్చి 'మా వాడి గట్టు చూడు' అంటే కాదనలేడు. కాదంటే ఆర్నెల్లలో వీఆర్, అంటే పోస్టింగు లేకుండా పక్కన పెట్టడం. మీ వారికి ఎస్ఐ అంటే భయం, ఎస్ఐకి కుర్చీ పోతుందని భయం. ఇలా అన్నంత మాత్రాన కొట్టిన చెయ్యి ఒప్పు అయిపోదు. ఆ ఒక్క దెబ్బకు ఆయన జవాబు చెప్పి తీరాలి. కానీ మనిషిని మార్చినంత మాత్రాన ఆ కుర్చీ మారదు.

ఈ రోగం పేరు నలభై ఏళ్ల కిందటే రాసి పెట్టారు. ఎమర్జెన్సీ అయ్యాక 1977లో ధర్మవీర అధ్యక్షతన జాతీయ పోలీసు కమిషను వేశారు. 1981 దాకా ఎనిమిది నివేదికలు ఇచ్చింది. అవి బీరువాల్లో పడి ఉంటే, డీజీపీగా, బీఎస్ఎఫ్ అధిపతిగా పనిచేసి రిటైరైన ప్రకాశ్ సింగ్ 1996లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. పదేళ్ల తర్వాత, 2006 సెప్టెంబరు 22న తీర్పు వచ్చింది. స్టేషను అధికారి నుంచి డీజీపీ దాకా కనీసం రెండేళ్లు కదపకూడదు. బదిలీలు నాయకులు కాదు, శాఖలోని సీనియర్ అధికారుల బోర్డు చూడాలి. నేర దర్యాప్తును, బందోబస్తును వేరు చెయ్యాలి. పోలీసుల మీద ఫిర్యాదులు వినడానికి రాష్ట్రంలోనూ, ప్రతి జిల్లాలోనూ వేరే అథారిటీ ఉండాలి. అథారిటీకి జిల్లాలో రిటైరైన జిల్లా జడ్జి అధ్యక్షుడు.

ఆ చివరి మాట నిజంగా అమలై ఉంటే మీరు నాకు ఉత్తరం రాయాల్సిన పని ఉండేది కాదు. మీ జిల్లా కేంద్రంలో ఒక బోర్డు కనబడేది, మీ వారు అక్కడికి వెళ్లి చెప్పుకునేవారు. తీర్పు వచ్చి ఇరవై ఏళ్లవుతోంది. ఏ పార్టీ ప్రభుత్వమూ దాన్ని మనస్ఫూర్తిగా అమలు చెయ్యలేదు. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు పోలీసులు పక్షపాతం చూపుతున్నారని ధర్నాలు చేసేవాళ్లు, గెలిచాక ఆ పక్షపాతాన్ని తమ వైపు తిప్పుకోవడం తప్ప వదులుకోవడానికి ఒప్పుకోరు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. ఓట్లడగడానికి మీ ఊరొచ్చిన ప్రతివాడినీ అడగండి, మా జిల్లాలో ఫిర్యాదుల అథారిటీ ఎప్పుడు పెడతారని. రోడ్డు ఎప్పుడేస్తారని అడిగినట్టే అడగండి.

'ఎవరిని నమ్మాలి' అని అడిగారు. ఏ మనిషినీ గుడ్డిగా నమ్మమని నేను చెప్పను, నన్ను కూడా. రసీదును నమ్మండి. తేదీ, ముద్ర ఉన్న కాగితాన్ని నమ్మండి. మంచి ఎస్ఐ వచ్చినప్పుడు ఆయనకూ ఆ కాగితమే బలం. 'సార్, రికార్డులో ఉంది, నేనేం చెయ్యలేను' అని నాయకుడికి చెప్పుకోవడానికి ఆయనకు ఒక సాకు దొరుకుతుంది. నోటిమాటగా వెళ్లిన ఫిర్యాదును ఎవరైనా నొక్కెయ్యొచ్చు. నంబరు పడిన ఫిర్యాదును నొక్కాలంటే ఎవరో ఒకరు సంతకం పెట్టాలి. సంతకానికి అందరూ భయపడతారు, మీ వారొక్కరే కాదు.

ఒక జాగ్రత్త. ఫిర్యాదు చేశాక కొన్నాళ్లు కష్టంగానే ఉండొచ్చు. పక్క చేను ఆయన రెచ్చగొడతాడు, మీ వైపు నుంచి చెయ్యి లేస్తే చాలు, మీ మీద కేసు పడుతుంది. మీ మరిదికి ఈ మాట గట్టిగా చెప్పండి. చేలో మాటా మాటా పెరిగితే పని వదిలేసి ఇంటికి రమ్మనండి. స్టేషనుకు ఎప్పుడు వెళ్లినా ఒక్కరే వెళ్లొద్దు, ఊళ్లో చదువుకున్నవాళ్లనో, వకీలునో వెంట పెట్టుకోండి. 

అమ్మాయి విషయం చివరికి వదిలింది తేలిక అని కాదు. నాకు ఇదే కష్టం.

నేను లా చదువుతానన్నప్పుడు మా నాన్న సంతోషించారు. 'నేను అడగలేనివి నువ్వు కోర్టులో అడుగు' అన్నారు. పోలీసు ఉద్యోగానికి వెళ్తానంటే ఒప్పుకునేవారు కాదేమో. ఆ ఉద్యోగం ఎంత నలిపేస్తుందో ఆయనకు తెలుసు. పండగ పూట బందోబస్తు, జ్వరమొచ్చినా బందోబస్తు, పై అధికారి నోటి దురుసు. వారానికి ఒక రోజు సెలవు ఇస్తామని 2019లో ప్రభుత్వం ప్రకటించినప్పుడు ఆ వార్త చదివి వినిపించడానికి నాన్న లేరు. మనిషి మీద రోజంతా అరిచే చోట పనిచేసేవాడు, చేతికింద దొరికిన మనిషి మీద అరుస్తాడు. పోలీసుల తీరు మారాలంటే ఆ ఖాకీ లోపలి మనిషికీ నిద్ర, మర్యాద దొరకాలి. దీన్ని మనం పోలీసు సంస్కరణ అనుకోం గానీ, అదీ సంస్కరణే.

ఇవన్నీ మీ అమ్మాయికి దాచకుండా చెప్పండి. చెప్పాక కూడా వెళ్తానంటే వెళ్లనివ్వండి. అత్యాచారానికి గురైన ఆడపిల్ల ఫిర్యాదును మహిళా అధికారే రాసుకోవాలని చట్టం చెబుతోంది. అర్ధరాత్రి అలాంటి పిల్ల స్టేషను మెట్లెక్కితే లోపల ఒక ఆడమనిషి ఉండాలి కదా. మీ అమ్మాయి నాన్న దాదాపు పన్నెండు గంటలు ఆ బెంచీ మీద కూర్చున్నాడు. ఆ సంగతి తెలిసిన పిల్ల రేపు స్టేషనులో కాగితాలు రాసే రైటరు బల్ల దగ్గర కూర్చుంటే, ఎదురుగా నిలబడిన రైతుకు రసీదు రాసిస్తుందని నేను అనుకుంటున్నాను. గ్యారంటీ ఇవ్వలేను. ఆ కుర్చీ మనుషుల్ని మార్చేస్తుంది, చూశాను. కానీ మా స్టేషనులోనే ఒక రైటరు గారుండేవారు. అర్జీ తెచ్చినవాళ్లు నిలబడి ఉంటే తను కూర్చునేవారు కాదు. 'కూర్చోండమ్మా, చెప్పండి' అనేవారు. ఆయన్నూ నేను చూశాను.

ఇంకో సంగతి. కేసుల వల్ల ఆమె ఉద్యోగానికి అడ్డం వస్తుందని ఎవరైనా బెదిరిస్తే కంగారు పడొద్దు. నేర చరిత్ర విచారణ ఆమె మీద జరుగుతుంది, ఆమె నిజం రాస్తే చాలు. నాన్న ఎస్పీకి ఫిర్యాదు చేశాడన్నది నేరం కాదు.

మీ వారి దగ్గరకు అమ్మాయినే పంపండి. 'పుస్తకాలు దించు నాన్నా' అని వాదించడానికి వద్దు. ఒక తెల్ల కాగితాల బొత్తి, పెన్ను తీసుకుని వెళ్లి పక్కన కూర్చోమనండి. ఎస్పీ గారికి రాయాల్సిన అర్జీ ఆమె చేత్తో రాయించండి. ఆయన చెబుతుంటే ఆమె రాస్తుంది. భార్యకు చెప్పలేనిది ఒక్కోసారి కాగితానికి చెప్పగలుగుతారు. మధ్యలో ఆగిపోతే ఆగనివ్వండి, మర్నాడు మిగతాది రాయొచ్చు. స్టేషనుకు వెళ్లిన టైమ్, తిరిగొచ్చిన టైమ్, బెంచీ ఏ గదిలో ఉంది, సంతకం పెట్టించినప్పుడు పక్కన ఎవరున్నారు, అన్నీ రాయమనండి. రెండు నకళ్లు తీయించండి. పైన కుడివైపు తేదీ వెయ్యడం మర్చిపోవద్దు. వచ్చే సోమవారం పొద్దున్నే బయల్దేరండి, పదిన్నరకల్లా ఎస్పీ ఆఫీసు దగ్గర లైను మొదలవుతుంది.